వంగని డాలు

మన సంగీతంలో వయసుకు ఒక మర్యాద ఉన్నది. విద్వాంసుడికి ఎనభై నిండినా, ఊపిరి చాలక సంగతి మధ్యలో తెగినా, సభలో వెనక వరుసన కూర్చున్నవాడు కూడా "ఆహా" అనే అంటాడు. శెమ్మంగుడి శ్రీనివాసయ్యరు తొంభై ఏళ్ల వయసులో వేదిక ఎక్కితే జనం వెళ్లింది కేవలం గొంతు వినడానికి కాదు. ఆ గొంతు వెనక ఉన్న బాణీకి నమస్కారం పెట్టడానికి. పడమటివారి రాక్ సంగీతంలో ఆ మర్యాద తక్కువ. అక్కడ యౌవనమే మూలధనం. ఇరవై రెండేళ్ల కుర్రవాడు జుట్టు విరబోసుకుని గెంతితే అది కళ. డెబ్బై రెండేళ్ల తాత అదే పని చేస్తే చూసేవారికి నవ్వు వస్తుంది, లేదా జాలి వేస్తుంది. నవ్వు ఫరవాలేదు, ఓర్చుకోవచ్చు. జాలి ఉన్నదే, అది కళాకారుడికి చావుతో సమానం.

ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఆ జాలిని గురించే. ఇంగ్లండులో బర్మింగ్‌హాం ప్రాంతంలో పుట్టిన "జూడాస్ ప్రీస్ట్" అనే మెటల్ బృందం 2024 మార్చి 8వ తేదీన "ఇన్విన్సిబుల్ షీల్డ్" అనే ఆల్బం విడుదల చేసింది. అజేయమైన డాలు అని పేరుకు అర్థం. వారికి ఇది పందొమ్మిదవ ఆల్బం. మొదటిది వచ్చినది 1974లో. అంటే సరిగా 50 ఏళ్లు. విడుదలనాటికి గాయకుడు రాబ్ హాల్ఫర్డ్‌కు 72 ఏళ్లు. గిటారు వాయించే గ్లెన్ టిప్టన్‌కు 76. బేస్ గిటారు వాయించే ఇయన్ హిల్‌కు 73. డ్రమ్ములు వాయించే స్కాట్ ట్రావిస్ అమెరికావాడు, అతనికి 62. అందరిలోకీ పిన్నవాడు రెండవ గిటారు పట్టిన రిచీ ఫాక్నర్, అతనికి 44. ఇంచుమించు నా ఈడువాడే. వీరందరినీ కలిపి "కుర్రవాళ్లు" అని పిలిచే అభిమానులలో నేనొకణ్ణి.

ఈ శీర్షిక చదివేవారిలో మెటల్ సంగీతమంటే ఏమిటో ఎరగనివారు కొందరైనా ఉంటారు. వారికోసం రెండు ముక్కలు. కరెంటు గిటారు తీగను మీటితే పుట్టే ధ్వనిని యంత్రంలో పెంచి, ఇంకా పెంచి, అది తట్టుకోలేక బొంగురుపోయేదాకా పెంచుతారు. ఆ బొంగురు నాదమే దీనికి పునాది. దానితో నాలుగైదు స్వరాల వరుస ఒకటి కట్టి తిరిగి తిరిగి వాయిస్తారు. దానిని రిఫ్ అంటారు. పైన పాట ఎటు తిరిగినా క్రింద ఆ వరుస నడుస్తూనే ఉంటుంది. డ్రమ్ములవాడు రెండు కాళ్లతోనూ తొక్కుతూ గుర్రాల దండు పరుగెత్తినట్టు దరువు వేస్తాడు. ఇన్నిటి మీదుగా గాయకుడి గొంతు వినబడాలి. అంచేత అతను తారస్థాయికి ఎక్కక తప్పదు. మైకు ఉన్నది కదా అంటారేమో. మైకు అందరికీ ఉన్నది!

మొదటిసారి విన్నవారికి ఇదంతా రొదగానే ఉంటుంది. మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా స్థిరపడి ఉన్న అభిప్రాయం కూడా అదే. "ఏమండీ, అది పాటా, లేకపోతే మిక్సీలో గరిటె పడిందా?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడుగుతుంది. ఆవిణ్ణి తప్పు పట్టను. గణాల నడక చెవికి ఎక్కనివాడికి ఉత్పలమాల చదివి వినిపించినా గడగడ చదివేసినట్టే ఉంటుంది. ఎక్కడ యతి పడుతుందో తెలిసిన తరువాతనే పద్యం రుచి తెలుస్తుంది. మెటల్ కూడా అంతే. దానికీ యతులూ ప్రాసలూ ఏర్పడి ఉన్నవి. గొంతు ఎక్కడ ఆగాలో, గిటారు ఎక్కడ అందుకోవాలో, రెండవ చరణం దాటిన తరువాత ఏమి రావాలో వినేవాడికి ముందే తెలుసు. తెలిసి కూడా ఎదురు చూస్తాడు. వచ్చినప్పుడు సంతోషిస్తాడు. ఆ యతిప్రాసలలో చాలావాటిని నిలబెట్టినవారు ఈ జూడాస్ ప్రీస్ట్‌వారు.

బృందం పేరు బాబ్ డిలన్ 1967లో పాడిన ఒక పాటలోంచి తీసుకున్నది. ఊరు మట్టుకు వారి స్వంతం. బర్మింగ్‌హాం, దాని ప్రక్కనున్న పట్టణాలు బొగ్గుకూ ఇనుముకూ పేరుపడ్డవి. పొగకూ మసికీ పేరుపడ్డ ఆ పట్టణాల ప్రాంతానికి "నల్లదేశం" అనే పేరే ఉన్నది. హాల్ఫర్డ్ పెరిగింది ఆ వైపున వాల్సాల్‌లో. కార్ఖానాల పొగా, మోతా తన బాల్యంలో భాగమని చెప్పుకుంటూ ఉంటాడు. టిప్టన్ కుర్రతనంలో ఉక్కు సంస్థలో పని చేసినవాడు. 1980లో ఉక్కు కార్మికులు సమ్మెలో ఉన్న రోజులలో వీరు "బ్రిటిష్ స్టీల్" అనే ఆల్బం తయారుచేశారు. అందులో ఒక పాటకు ఇనుప మనుషులు కదం త్రొక్కుతూ వచ్చే చప్పుడు కావలసివస్తే, చెంచాలూ ఫోర్కులూ ఉన్న ట్రే ఎత్తి కుదిపి ఆ చప్పుడు పుట్టించారు. ఈ సంగీతానికి లోహమని పేరు ఎవరు పెట్టినా, ఆ పేరుకు తగిన హక్కుదారులు ఎవరంటే వీరిని చూపించవచ్చు.

నాకు వీరితో పరిచయం 1997 ప్రాంతంలో కాలేజీ హాస్టలులో కలిగింది. ప్రక్కగది మిత్రుడు ఎక్కడినుంచో నకలు తీయించి తెచ్చిన క్యాసెట్టు అది. 1990లో వచ్చిన "పెయిన్‌కిల్లర్" అనే ఆల్బం. పగలు మనుచరిత్ర, రాత్రి పెయిన్‌కిల్లర్. ఆ ఏడాదంతా మా చదువు అలా సాగింది. గాయకుడు 1992లోనే బృందం వదిలి వెళ్లిపోయినాడన్న కబురు అప్పటికింకా మా హాస్టలుదాకా రాలేదు. లేని బృందాన్ని పట్టుకుని ఎవరు గొప్ప అని రాత్రిళ్లు వాదించుకునేవాళ్లం. 2003లో అతను తిరిగివచ్చి చేరేనాటికి నేను పాఠాలు చెప్పుకుంటున్నాను. కాబట్టి వీరి సంగతి వ్రాసేటప్పుడు నేను తటస్థుణ్ణి అని ఎవరూ అనుకోనక్కరలేదు. అభిమానినే. కాని అభిమానికి కూడా చెవులుంటవి.

ఈ బృందానికి ప్రాణం ఏమిటని అడిగితే చాలామంది హాల్ఫర్డ్ గొంతు అంటారు. నేను జంట గిటార్లు అంటాను. మొదటి ఆల్బం తీయబోయేముందు, 1974లో టిప్టన్ వచ్చి చేరాడు. అప్పటికే ఉన్న కె. కె. డౌనింగ్‌తో అతనికి జోడు కుదిరింది. ఒకరు పైస్వరం పట్టుకుంటే రెండవవాడు దానికి జతగా క్రింది స్వరం అందుకోవడం, ఒకడు ఎత్తుకున్న వరుసను రెండవవాడు మధ్యలో లాక్కుని ముగించడం, ఒకరిది కాస్త పెళుసు, ఒకరిది కాస్త నునుపు. నాకు ఎప్పుడు విన్నా మన తిరుపతి వేంకటకవులే తలపుకు వచ్చేవారు. ఇద్దరు మనుషులు, ఒక్క కలం. ఏ పద్యం ఎవరిదని అడిగితే జంటదనే సమాధానం. డౌనింగ్ 2011లో విడిపోయినాడు. అతని స్థానంలో వచ్చినవాడే ఫాక్నర్. జంటలో మనిషి మారాడు గాని జంట మిగిలింది.

ఇక అసలు కథ. 2018 ఫిబ్రవరిలో టిప్టన్ తనకు పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నదని లోకానికి చెప్పాడు. అది బయటపడి అప్పటికే పదేళ్లయిందట. చేతులు వణకడం, కండరాలు బిగుసుకుపోవడం, కదలిక మందగించడం ఆ వ్యాధి లక్షణాలు. ఇంకొకరికైతే ఇది అనారోగ్యం. వేళ్లతో బ్రతికేవాడికి ఇది ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. నాటినుంచి పర్యటనలలో అతని చోట ఆండీ స్నీప్ అనే ఆయన గిటారు పట్టుకున్నాడు. ఈ కొత్త ఆల్బమును రికార్డు చేయించినవాడు కూడా ఆ స్నీపే. టిప్టన్ వీలైన ఊళ్లలో కచ్చేరీ చివర వేదిక మీదికి వచ్చి రెండు మూడు పాటలు వాయించి వెళ్లేవాడు.

అంతటితో అయిపోలేదు. 2021 సెప్టెంబరు 26న అమెరికాలో లూయీవిల్ నగరంలో కచ్చేరీ జరుగుతూండగా, "పెయిన్‌కిల్లర్" పాట నడుస్తూండగానే, ఫాక్నర్ గుండె దగ్గరి పెద్ద రక్తనాళం చిట్లింది. పాట ముగించి మరీ దిగాడు. ఆసుపత్రిలో పది గంటలకు పైగా శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత తనకు పక్షవాతపు దెబ్బ కూడా తగిలిందనీ, కుడిచేతి మీద పట్టు దెబ్బతిన్నదనీ అతను 2025లో బయటపెట్టాడు. గిటారు తీగను మీటేది ఆ కుడిచేయే. హాల్ఫర్డ్ సంగతి చూడబోతే, ఆయన 2020, 2021 సంవత్సరాలలో ప్రోస్టేట్ కాన్సరుకు చికిత్స చేయించుకుని బయటపడ్డాడు. ఆల్బంలోని పదకొండు పాటలూ హాల్ఫర్డ్, టిప్టన్, ఫాక్నర్ ముగ్గురి పేర్ల మీద ఉన్నవి. ముగ్గురూ మృత్యువు గుమ్మందాకానో, దాని వీధిదాకానో వెళ్లి వచ్చినవారే. దానికి పెట్టుకున్న పేరు చూడండి: అజేయమైన డాలు!

ఈ కష్టాల మధ్య 2022 జనవరిలో ఇంకొక ముచ్చట జరిగింది. ఇకమీదట పర్యటనలలో ఒకే గిటారుతో, నలుగురమే వాయిస్తామని బృందం ప్రకటించింది. అభిమానులలో గగ్గోలు పుట్టింది. వారం తిరగకుండా ఆ ప్రకటన వెనక్కు తీసుకున్నారు. జబ్బుపడ్డవారిమీద ఇంత పట్టుదల ఏమిటని బయటివారికి తోచవచ్చు. కాని అది దయలేనితనం కాదు. మెటల్ వినేవాడి దృష్టిలో జూడాస్ ప్రీస్ట్ అంటే ఐదుగురు మనుషులు కాదు, ఒక ఛందస్సు. సీసపద్యం వ్రాస్తానని చెప్పి ఎత్తుగీతి ఎగవేస్తే ఒప్పుకుంటామా? కవికి జ్వరం వచ్చిందని అయినా?

అందుచేత ఆల్బం చేతికి వచ్చినప్పుడు నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. వీరి వయసు లెక్కలోకి తీసుకోను. వీరి జబ్బులు లెక్కలోకి తీసుకోను. ఊరూపేరూ లేని నలుగురు కుర్రవాళ్లు ఇది తీసుకువస్తే ఎట్లా వింటానో అట్లాగే వింటాను. పరీక్ష కాగితాలు దిద్దేటప్పుడు నంబరు చూస్తాం గాని పేరు చూడం కదా, ఆ పద్ధతి. ఈ నియమం పాటించడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా పాటిస్తేనే ఆ మనుషులకు గౌరవం.

మొదటి పాట "పానిక్ అటాక్". బృందంవారు దీనిని 2023 అక్టోబరులోనే ముందుగా విడుదల చేశారు. ఆరంభంలో మెత్తగా మెరిసే తీగల ధ్వని వినబడుతుంది. 1986లో "టర్బో" అనే ఆల్బంలో వీరు ప్రయోగించి, అభిమానులలో సగంమంది చేత తిట్లు తిన్న ధ్వని అది. అదే ధ్వనితో తలుపు తీయడంలో కాస్త చిలిపితనం ఉన్నది. మీరు అప్పుడు తిట్టినది కూడా మాదే సుమా అన్నట్టు. తరువాత రిఫ్ అందుకుంటుంది. ఇక పరుగే. తెర ముందు కూర్చుని మీటలు నొక్కుతూ లోకమంతటికీ భయం అంటించే ఈ కాలపు జనాన్ని గురించిన పాట. చివరలో హాల్ఫర్డ్ గొంతెత్తి ఒక్క కేక వేస్తాడు. నంబరు మాత్రమే చూసి దిద్దే పరీక్షకుడు కూడా అక్కడ కలం క్రింద పెట్టవలసిందే.

రెండవది "ద సర్పెంట్ అండ్ ద కింగ్", ఇంకా వేగం. మూడవది ఆల్బం పేరు గల పాట, ఆరు నిమిషాలు దాటుతుంది. దీనిలో డాలు అంటే యుద్ధంలో పట్టుకునే డాలు కాదు. ఒకరికొకరు అండగా నిలిచిన సమూహం. జనం ఒకరి ప్రక్కన ఒకరు నిలబడితే అదే డాలు. మాట కొత్తది కాదు. కాని పాట మధ్యలో రెండు గిటార్లూ ఒకదానినొకటి తరుముకుంటూ, చివరికి జోడుగా కలిసి ఎక్కే ఘట్టం ఉన్నది చూశారూ, అక్కడ మాటలకు అందని అర్థం వస్తుంది. నాకు మట్టుకు ఆల్బం మొత్తానికి శిఖరం అదే.

ఆరవ పాట "క్రౌన్ ఆఫ్ హార్న్స్". వేగం తగ్గించి, రాగం పెంచిన పాట. ఇక్కడ హాల్ఫర్డ్ కేకలు వేయడు. మధ్యస్థాయిలో నిలబడి, అర్థమయ్యేటట్టు, కాస్త బరువుగా పాడతాడు. యౌవనంలో ఇతని గొంతుకు ఎత్తు ఉండేది, పదును ఉండేది. ఈ బరువు ఇంతగా ఉండేది కాదు. అది సంవత్సరాలు తెచ్చిన బరువు. చూశారా, వయసు లెక్కలోకి తీసుకోనని చెప్పినా అది తనంతట తానే వచ్చి కూర్చున్నది. కాకపోతే లోపంగా కాదు, గుణంగా.

తొమ్మిదవ పాట "ఎస్కేప్ ఫ్రం రియాలిటీ" బురదలో ఏనుగు నడిచినట్టు నెమ్మదిగా నడుస్తుంది. మధ్యలో గొంతును యంత్రంలోంచి పోనిచ్చి, నూతిలోంచి వచ్చినట్టు వినిపించారు. బర్మింగ్‌హాంలోనే పుట్టిన బ్లాక్ సబ్బాత్ బృందం ఛాయ దానిమీద స్పష్టంగా ఉన్నది. ప్రక్కింటి పెద్దవారికి దండం పెట్టినట్టు ఉన్నది గాని దొంగిలించినట్టు లేదు. దాని వెంటనే "సన్స్ ఆఫ్ థండర్", మూడు నిమిషాలైనా లేదు; మోటారు సైకిలు వీధిలోంచి దూసుకుపోయినట్టు వచ్చి పోతుంది.

చివరి పాట "జయంట్స్ ఇన్ ద స్కై". గతించిన మెటల్ మహానుభావుల స్మృతి. 2010లో పోయిన రానీ జేమ్స్ డియో, 2015లో పోయిన లెమ్మీ మొదలైనవారిని తలచుకుని పాడినది. మధ్యలో గర్జన అంతా ఆగిపోయి ఉత్త తీగల గిటారు ఒకటి మెత్తగా పలుకుతుంది. ఇటువంటి పాటలు వ్రాయడం తేలిక, ఏడవకుండా వ్రాయడం కష్టం. ఇక్కడ ఏడుపు లేదు. ఆకాశం వైపు చేయి చూపించి, వారు అక్కడ ఉన్నారు, మేము ఇక్కడ వాయిస్తున్నాం అని చెప్పినట్టు ఉన్నది.

ఇక లోపాలు. చెప్పకపోతే నా నియమానికి అర్థం లేదు.

మొదటిది సాహిత్యం. తెలుగు మేష్టరును కదా, మాటలమీదికి పోకుండా ఉండలేను. హాల్ఫర్డ్ పాటలు వ్రాసేటప్పుడు పర్యాయపద నిఘంటువు దగ్గర పెట్టుకుంటానని చెప్పుకున్నాడు. మనవారు అమరకోశం వల్లించినట్టే. మంచిదే. కాని అమరం వచ్చినంత మాత్రాన కావ్యం రాదు. నరకద్వారాలు, అగ్నిపరీక్షలు, మారువేషంలో ఉన్న సైతాను, సర్పాలు, కిరీటాలు. పాటల పేర్లు వరుసగా చదివితే చాలు, సరుకు ఏమిటో తెలిసిపోతుంది. మన ప్రబంధాలలో పురవర్ణన ఎక్కడ వస్తుందో, చంద్రోదయం ఎక్కడ వస్తుందో, విరహం ఎక్కడ వస్తుందో పుస్తకం తెరవకుండానే చెప్పవచ్చు. పెద్దన చేతిలో అది శోభ. చిల్లర కవుల చేతిలో అది చాకిరీ. ఈ ఆల్బంలో "డెవిల్ ఇన్ డిస్‌గైజ్", "గేట్స్ ఆఫ్ హెల్" అనే నాలుగు, అయిదు పాటలు నాకు చాకిరీగానే తోచినవి. వినడానికి బాగానే ఉంటవి. మర్నాడు గుర్తుండవు.

రెండవది రికార్డింగు. ప్రతి ధ్వనీ గోరుతో గీసినట్టు స్పష్టంగా ఉన్నది, ప్రతిదీ ముందువరుసలోనే నిలబడి ఉన్నది. పాత ఆల్బములలో గిటారుకూ గిటారుకూ మధ్య కాస్త గాలి ఆడేది. ఇక్కడ సందు లేదు. నాలుగు పాటలు వరుసగా వింటే చెవి అలిసిపోతుంది. ఇది వయసు తెచ్చిన లోపం కాదు. ఈ కాలంలో అందరికీ పట్టిన జబ్బు.

గమనించారా? నేను పట్టిన తప్పులు రెండింటిలో ఏదీ ముసలితనానిది కాదు. ఒకటి అలవాటుది, రెండవది కాలానిది. వణికే చేతి తప్పు, చాలని ఊపిరి తప్పు వెదికినా నాకు దొరకలేదు.

దొరకలేదు అంటే, అసలు టిప్టన్ వాయించినది ఎంత, ఫాక్నర్ వాయించినది ఎంత అని మీరు అడగవచ్చు. పార్కిన్సన్స్ ఉన్నవాడి చేయి అన్ని రోజులూ ఒకే మాదిరి ఉండదు. నేను కూడా రెండు మూడు రాత్రులు చెవులకు యంత్రం తగిలించుకుని కూర్చుని, ఇది ఇతనిది, ఇది అతనిది అని విడదీయబోయినాను. ఫలానా చోట తీగను లాగి వదిలే తీరు టిప్టన్‌దే అనిపిస్తుంది. మరుక్షణంలో, అతని బాణీ పట్టుకుని పెరిగిన ఫాక్నర్ అట్లా వాయించలేడా అనిపిస్తుంది. ఫాక్నర్ పుట్టిన 1980వ సంవత్సరంలోనే "బ్రిటిష్ స్టీల్" వచ్చింది. అతను ఆ వాయింపు వింటూ గిటారు పట్టినవాడు. అతని వ్రేళ్లలో టిప్టన్ ఉంటే ఆశ్చర్యమేమిటి?

ఇక్కడ మళ్లీ మన జంటకవుల దగ్గరకు రావలసి ఉన్నది. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లో గతించారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఆ తరువాత ముప్పై ఏళ్లు, 1950 దాకా జీవించారు. ఒంటరిగా వ్రాసిన వాటిని కూడా ఆయన ఇద్దరి పేర్ల మీదనే వెలువరించారు. విమర్శకులు కొందరు, ఇందులో తిరుపతిశాస్త్రిగారి భాగం ఎంత అని లెక్కలు వేయవచ్చు. లెక్క తేలదు. ఎందుకంటే వేంకటశాస్త్రిగారు కలం పట్టినప్పుడు ప్రక్కన ఆ రెండవ మనిషి కూర్చునే ఉన్నాడు. పద్యం ఎట్లా నడిస్తే అతనికి నచ్చుతుందో, ఎక్కడ అడ్డు చెబుతాడో ఈయనకు తెలుసు. జంట అంటే రెండు చేతులు కాదు; ఒక చేయి ఆగితే రెండవ చేతిలో బ్రతికి ఉండేది ఏదో, అది.

"ఇన్విన్సిబుల్ షీల్డ్" పాటలమీద టిప్టన్ పేరు మర్యాదకోసం వేసినది కాదని నా చెవి చెబుతున్నది. రిఫ్ కట్టిన తీరులో, పాటను ఎక్కడ విరిచి ఎక్కడ అతకాలో తెలిసిన ఆ పనితనంలో, రెండు తీగలు జోడుగా ఎక్కే ఆ ఘట్టాలలో 50 ఏళ్ల బాణీ ఉన్నది. ఆ చేతులు ఎవరివైనా సరే, బాణీ మట్టుకు జంటదే. శెమ్మంగుడి సభలో జనం నమస్కారం పెట్టినది దేనికో, దానికే నేనూ పెడుతున్నాను. కాకపోతే ఇక్కడ గొంతు బాగుండకపోయినా అనే మినహాయింపు అవసరం లేదు.

మీరు వీరి వయసు చూసి ఎక్కువ మార్కులు వేశారని నా శిష్యులు కొందరు అంటున్నారు. లోకం సంగతి కూడా చూడండి. బ్రిటనులో ఆల్బముల అమ్మకాల జాబితాలో ఇది రెండవ స్థానానికి ఎక్కింది. అంతకుముందు వారి ఆల్బం ఏదీ అక్కడ అంత పైకి పోలేదు. వారి పేరు మారుమ్రోగిన 1980లో "బ్రిటిష్ స్టీల్" నాలుగవ స్థానంలో ఆగింది. అమ్మకం మంచిచెడ్డలకు కొలత కాదని నాకూ తెలుసు. కాని జాలితో చప్పట్లు కొట్టవచ్చు గాని, జాలితో డబ్బులు పెట్టి పాటలు కొనుక్కుని మళ్లీ మళ్లీ వినడం ఎక్కడా చూడలేదు.

వీరి ఆల్బములలో దీని స్థానం ఏమిటంటారా? "పెయిన్‌కిల్లర్" సరసన కూర్చోదు. దాని ముందు ఏదీ కూర్చోదు. అది పదిహేడేళ్ల వయసులో విన్నవాడి తీర్పు, దానిమీద అప్పీలు లేదు. 2018లో వచ్చిన "ఫైర్‌పవర్" కంటె మాత్రం ఇది ఒక మెట్టు పైన ఉన్నదని నా అభిప్రాయం. అందులో పాటలు ఎక్కువ, ఇందులో పాట ఎక్కువ.

కొత్తగా వినబోయేవారికి ఒక మనవి. మొదటి పాటతో మొదలుపెట్టకండి, భయపడతారు. ఆరవ పాట "క్రౌన్ ఆఫ్ హార్న్స్" ముందు వినండి. నచ్చితే మూడవ పాటకు వెళ్లి, రెండు గిటార్లు కలిసేదాకా ఓపిక పట్టండి. నాలుగూ అయిదూ దాటవేసినా నష్టం లేదు. చివరి పాట రాత్రిపూట వింటే బాగుంటుంది. ఇంట్లోవారు మిక్సీ సంగతి ఎత్తితే నామీద త్రోసివేయండి. ఏమీ నచ్చకపోతే బలవంతం లేదు. వచ్చే వారం ఈ శీర్షికలో వీణను గురించి మాట్లాడుకుందాం.